సర్వీసు చీటీ

రేణిగుంట రోడ్డులో కొత్తగా లేచిన అంగళ్ల బిల్డింగు.
నాలుగంతస్తులు, ఒళ్లంతా మట్టి గొట్టాలు.
దూరాన్నించి తేనెపట్టును నిలబెట్టినట్టుంటాది.
దగ్గరికి పోతే అన్నీ నోళ్లే,
వెయ్యో, రెండువేలో.

ఏడాది కాంట్రాక్టు అడగను పోయినా,
భుజాన గ్యాసు సిలిండరు, చేతిలో రేట్ల కాయితం.
ఏసీ మెకానిక్కును కదా, ఏ బిల్డింగునైనా ఎనకనించే చూస్తా.
ముందర అద్దాలు ఎన్ని తళుకులు పోయినా
ఎనక గోడకు బిగించిన డబ్బాలే నిజం చెప్తాయి,
వేడి కక్కతా, నీళ్లు కారస్తా,
పక్కింటోళ్ల కిటికీలోకి ఊదతా.

ఈడ ఎనక గోడకు ఏమీ లేదు.
ఒక బ్రాకెట్టు లేదు. తుప్పు చార లేదు.
పిల్లొకటి పడుకోనుండాది, అంతే.

"యాడ పెట్టినారన్నా మిషన్లు?"
వాచ్‌మన్ మునిరత్నం నవ్వి
నేలను చూపించె. ఆనెక ఆకాశాన్ని చూపించె.
కింద వాననీళ్ల తొట్టి. దాని మీదనించే గాలి లోపలికొస్తాదంట.
తడి గొట్టాల్లో దూరి, చెమ్మ తాగి,
బావిలాగ వొదిలిన నడిమి ఖాళీలో తిరిగి తిరిగి
పైనుండే పొగగూట్లోనించి ఎల్లిపోతాదంట.
"మరి కరెంటు?"
"గాలికి మీటరెవురు పెడతారు నైనా!"

మే నెల. బయట తారు చెప్పుకి అంటతా ఉండాది.
లోపల, అలవాటుకొద్దీ చెయ్యి పైకెత్తి పట్టినా.
అరచెయ్యే నా థర్మామీటరు.
ఇరవై తొమ్మిది, అనె అది.
పళ్లు కొరికే చలి కాదు,
తడిచీర ఆరేసిన గదిలో ఉండే సల్లదనం.

కొండ దిగొచ్చిన కుటుంబమొకటి,
కొత్త గుండ్లు, చందనం ఇంకా ఆరలా.
గాజులంగడి ముందర పిలగోడు టక్కున నిలబడె.
నెత్తిన చెయ్యి పెట్టుకోని పైకి చూసి
ఒకటే నవ్వు.
ఇంజినీరు లెక్కలు వేసింది
గుండుకు లెక్క లేకుండానే తెలిసిపోయె.

గొట్టాలు పలమనేరు నించి లారీల్లో వొచ్చినాయంట.
ఒకదాని అంచున బొటనేలి గుర్తు, పచ్చి మట్టప్పుడు నొక్కింది.
నా ఏలు పెట్టి చూసినా.
పట్టలా. చిన్న చెయ్యి, ఎవురిదో.

పద్దెనిమిదేళ్లుగా సల్లదనం అమ్ముతా ఉండా.
లోపలోళ్లకి అమ్మింది సరే,
బయటికి తోసిన వేడి ఎవురి ఖాతాలో రాసినాను?
కోపం రాలేదంటే అబద్ధం.
పాప ఫీజుకి ఇంకా పదకొండు వేలు కావాల.

మేనేజరమ్మ తిలోత్తమ వొచ్చి అడిగె,
"గొట్టాల నిండా దుమ్ము, పిచికల గూళ్లు. దులపతావా?"
"దుమ్ము దులపతా మేడం.
గూళ్ల సంగతి, పిల్లలు ఎగిరిపోయినాక."

చీటీ పుస్తకం తీసినా.
గ్యాసు: గీత కొట్టినా.
ప్రెషరు: గీత.
కూలింగు అనే గడి కాడ పెన్ను కాసేపు ఆగె.
'బాగుండాది' అని రాసినా.
కింద, పని చేసినోళ్ల సంతకం అనే చోట
నా పేరు మొదటక్షరం పెట్టబోయి
ఆ చిన్న బొటనేలు గుర్తొచ్చి
ఖాళీగా చించి ఇచ్చేసినా.