చెవి బిళ్ళ

త్బిలిసీ ఊరి చివర, వర్కెతిలిలో,
మా బిల్డింగు లిఫ్టు ఎక్కాలంటే
డబ్బాలో ఇరవై తెత్రీల బిళ్ళ వెయ్యాలి.
ముప్పై ఏడేళ్ళు ఆ లిఫ్టులకి నూనె పెట్టినవాణ్ణి,
నాకూ మినహాయింపు లేదు.
కుక్కకి మాత్రం ఉచితం.

చెవికి పసుపుపచ్చ బిళ్ళ,
టీకా వేసి వదిలేసిన వీధికుక్కలకి పురపాలకులు కుట్టేది.
దానిమీద రెండువేల రెండువందల ఏడు.
అంకెతో పిలిస్తే ఖైదీలా ఉంటుందని
లమారా దానికి బొంబోరా అని పేరు పెట్టింది.
అప్పటికి ఆమెకి
పేర్లు పెట్టడం వచ్చు.

పిల్లిని మేం తేలేదు.
కరెంటు పోయిన ఒక జనవరి రాత్రి
పక్కవాళ్ళ బాల్కనీ మీంచి దిగి,
గదులన్నీ ఒకసారి చూసుకుని,
అద్దెకి నచ్చినట్టు
రేడియేటరు పక్కన కూర్చుంది.
"ఫిసో, ఫిసో" అని పిలిస్తే
చెవి ఒక్కటి తిప్పేది.
విన్నాను, వస్తానని మాత్రం అనలేదు, అన్నట్టు.
నాకు ఒళ్ళు మండేది.
తిండి మనది, పొగరు దానిది.

లమారా ముందు జున్ను ధర మర్చిపోయింది.
తర్వాత చెల్లెలి వీధి.
పోయిన ద్రాక్షకోతల నెలలో, కుక్కని.
"ఎవరిదిది? బయటికి పంపండి."

బొంబోరా చెప్పు తెచ్చి పెట్టింది.
రెండో చెప్పు తెచ్చింది.
అడక్కుండానే కాలు చాచి చేతికిచ్చింది,
పొర్లింది, లేచింది,
తనకొచ్చిన విద్యలన్నీ అయిపోయాక
గుమ్మం దగ్గర పడుకుని
రెండు రోజులు గిన్నె ముట్టలేదు.
పక్కన కూలబడి చెప్పాను దానికి:
మనసులో పెట్టుకోకురా,
మంగళవారం నన్ను కూడా
"బాబూ, లిఫ్టు బాగైందా?" అంది.

పిల్లికి ఏ ఇబ్బందీ లేదు.
పొద్దున్నే వచ్చి రెండడుగుల దూరంలో నిలబడుతుంది.
"అబ్బ, ఎంత బాగుందీ! ఎప్పుడొచ్చిందీ?"
వేళ్ళు వాసన చూస్తుంది, ఆలోచిస్తుంది,
ఒడిలోకి ఎక్కుతుంది.
మర్నాడు మళ్ళీ రెండడుగుల దూరం.
మళ్ళీ వేళ్ళు.
నిన్నటి చనువు ఇవాళ చెల్లుతుందని
అది ఏనాడూ అనుకోలేదు కాబోలు.
పన్నెండేళ్ళు నేను పొగరన్నది
ఏమిటో మరి. మర్యాదేమో.

నేను పుట్టుకతో కుక్కజాతి.
నన్ను గుర్తుపట్టు, నన్ను, నన్ను,
అని ఇల్లంతా ఆమె వెంట తిరిగి అలిసిపోయాను.
చివరికి ఒకరోజు
పాత పనిముట్ల పెట్టె పట్టుకుని బయటికెళ్ళి
మా గంట నేనే నొక్కాను.
"లిఫ్టు మనిషినండీ."
అబద్ధం కాదు కదా.
కూర్చోబెట్టి టీ ఇచ్చింది,
పచ్చి వాల్‌నట్ మురబ్బా రెండు చెంచాలు.
పెళ్ళయిందా అని అడిగింది.

ఇక మొన్న రాత్రి సంగతి.
నిద్రలో నేను చెయ్యి చాపితే
ఆమె పడుకున్న గుంటలో, ఆ వెచ్చదనంలో,
పిల్లి చుట్టచుట్టుకుని ఉంది.
ఎక్కడికెళ్ళిందని దాన్నడిగి లాభం లేదు.
వసారా చివర మొరుగుడు.
చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

లిఫ్టులో లమారా, రాత్రి గౌనులో,
ఒకటో నంబరు మీట నొక్కుతోంది, నొక్కుతోంది.
చేతిలో బిళ్ళ లేదు, అది కదల్లేదు.
జన్మంతా తిట్టిన ఆ డబ్బాకి
దణ్ణం పెట్టాను.
తలుపు సందులో సగం లోపల, సగం బయట
బొంబోరా అడ్డంగా పడుకుని ఉంది,
రేకు తలుపు వచ్చి వచ్చి
దాని డొక్కకి తగులుతున్నా.

ఆమె వంగింది.
చెవి బిళ్ళ పట్టుకుని, లైటుకేసి తిప్పి,
బడిపిల్లలా కూడబలుక్కుంటూ చదివింది:
రెండు. రెండు. సున్నా. ఏడు.
"ఇదా నీ పేరు?"

ఔనని
రేకు గోడ మీద తోక
దడదడ, దడదడ.
అయిదో అంతస్తులో ఎవరో
తలుపు తీసి తిట్టేదాకా.