సరి వారం, బేసి వారం

సరి వారం మిషను, బేసి వారం చేతులు.
కంట్రోలు రూము కేలెండరు మీద
ఎర్ర స్కెచ్ పెన్నుతో ఎవరో గీసిపెట్టారు.
ఆగిన గుండెని ఏది బాగా బతిమాలుతుందో
తేల్చడానికి మా అంబులెన్సు కూడా ఒకటి.

మిషను నాకిష్టమే, అబద్ధమెందుకు.
పట్టీ బిగించి మీట నొక్కితే
నిమిషానికి నూట రెండు.
పూందమల్లి రోడ్డు గుంటల్లో బండి ఎగిరినా
దాని లెక్క తప్పదు.
దానికి చెమట పట్టదు, మొహం చూడదు.

చేతుల వారం వేరు.
రెండో నిమిషానికే భుజాలు అబద్ధమాడతాయి,
నొక్కుతున్నట్టే ఉంటుంది, నొక్కం.
ఎళిలన్ తమిళంలో లెక్కపెడతాడు, నేను తెలుగులో.
ఇరవై దాటితే నా అంకెలు సాగుతాయి,
ఇరవై ఎనిమిది అనేలోగా ఒక పోటు జారిపోతుంది.
అందుకే పదిదాకా మూడుసార్లు.
సూళ్లూరుపేటలో మా అమ్మమ్మ వడ్లు దంచుతూ అనేది:
రోకలి దించడం ఎవరైనా దించుతారే,
లేవనివ్వడమే పనితనం.
ఛాతీ కూడా అంతే.
ఆ ఒక్క ముక్కకి ట్రైనింగులో ఆరు స్లైడులు పట్టింది.

ఆ రోజు బేసి వారం. తెల్లవారుజాము నాలుగూ పది.
కోయంబేడు పూల అంగడి,
నేలంతా తొక్కిన చామంతి, కాలు జారుతోంది.
మూటల మధ్య దశరథన్, లోడింగు మేస్త్రీ, యాభై నాలుగు.
ఆయన మీద ఒక టీ కుర్రాడు నొక్కుతున్నాడు.
తప్పుగా నొక్కుతున్నాడు.
ఒంటిచేత్తో, దాదాపు పొట్ట మీద,
మోచెయ్యి వంచి, ఏడుస్తూ,
లెక్కా లేదు, లేవనివ్వడమూ లేదు.
ఎనిమిది నిమిషాలుగా.
చుట్టూ నలభైమంది పెద్దలు
సోడా కొట్టమంటున్నారు,
చేతిలో తాళంచెవులు పెట్టమంటున్నారు.

వాణ్ణి తోసేసి మోకాళ్ల మీద కూలబడ్డాను.
నా అరచేతి కింద ఒక పక్కటెముక
కణుపు దగ్గర చెరుకులా విరిగింది. ఆపలేదు.
రెండో షాక్‌కి తెర మీద గీత కదిలింది.

స్ట్రెచరు వెనకే పరిగెత్తుతూ వాడడిగాడు:
అక్కా, నేను తప్పు చేశానా?
తలుపు వేసేశాను.

ఫారంలో పద్ధతి: చేతులు.
మేం రాకముందు ఎవరైనా నొక్కారా: అవును, కాదు.
ఎలా నొక్కారో రాయడానికి గడి లేదు.
అవును దగ్గర టిక్కు పెట్టాను,
దాని మీదే ఇంకోసారి దిద్దాను.

దశరథన్ పదకొండో రోజు పోయాడు.
ఈలోగా కూతుర్ని పేరుపెట్టి పిలిచాడు,
మజ్జిగలో ఉప్పు లేదని విసుక్కున్నాడు.
పట్టికకి కావలసింది ముప్ఫయ్యో రోజు.
ఆయన్ని పోయినవాళ్ల వరసలో వేశారు.

ఏడాదికి లెక్కలొచ్చాయి.
మిషనుకీ చేతులకీ చెప్పుకోదగ్గ తేడా లేదట.
పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.
నేను కింది వరస చూశాను, చిన్నక్షరాల్లో:
మేం చేరకముందే ఎవరో ఒకరు చెయ్యి వేసినవాళ్లు.
ఇంటికి నడిచివెళ్లినవాళ్లు అక్కడే ఎక్కువ.

డ్యూటీ దిగి కోయంబేడు వెళ్లాను.
కదిర్ నన్ను గుర్తుపట్టి టీ డబ్బా దించాడు.
ఉల్లిమూట ఒకటి పడుకోబెట్టి చూపించాను.
రెండు చేతులూ. ఇక్కడ, నడిమధ్య. మోచెయ్యి వంచకు.
నొక్కు. లేవనివ్వు.
మూట కిరకిరలాడింది. కొట్టువాడు తిట్టాడు.

ఏ భాషలో లెక్కపెట్టాలక్కా?
ఏదైనా సరే, పదిదాకా చాలు.
తర్వాత?
తర్వాత మళ్లీ ఒకటి.