నాలుగు సెకన్లు

గార మండలాఫీసులో, తుఫాను శిక్షణ రోజున
బోర్డు మీద రెండు గళ్లు గీసేడు సారు.
ఎడమ గడిలో చెప్పేవాడు.
కుడి గడిలో వినేవాడు.
మధ్యన ఒక బాణం,
తారాజువ్వలాగ, వెళ్లడమే గాని తిరిగి రావడం తెలీనిది.
బాణం మీద ఒక మెలికల గీత గీసి
దానికి రొద అని పేరు పెట్టేడు.
"రొద తగ్గిస్తే చాలు, సందేశం చేరిపోతుంది."
టీ ఇచ్చేరు, రెండు బిస్కట్లు.
నా గొంతు బాగుందని
కాయితం నాచేతే చదివించి
పెన్‌డ్రైవులో ఎక్కించేరు.

ఆటో నాదే, గొంతూ నాదే.
మైకులోంచి వస్తున్నవాణ్ణి మాత్రం నేనెరగను.
"తీరప్రాంత ప్రజలకు విజ్ఞప్తి" అంటాడు.
మా పేటల్లో ఎవడూ ఎవణ్ణీ ప్రజలని పిలవడు.
మావా అంటాం, పిన్నీ అంటాం,
కోపం వస్తే ఇంకోటంటాం.
"అప్రమత్తంగా ఉండవలెను" అంటాడు.
మాకు తెలిసిన వల వేరు.

మొగదలపాడులో తిప్పేను.
వినేవాళ్లు విన్నారు,
కుడి గడిలో బొమ్మల్లాగ.

బందరువానిపేట ఇసకలో
మైలపల్లి కొర్లమ్మ ఆటోకి అడ్డం నిలబడింది,
చంకలో ఎండుచేపల గంప.
నాకేసి కాదు, మైకు కేసి మొహం పెట్టి అడిగింది:
"షెల్టరుకి ఎల్లమంతన్నావు, సరే.
తాళం ఎవుల కాడుంది?"
మైకు, "తీరప్రాంత ప్రజలకు" అంది.
"అదేరా నానడుగుతన్నాది. తాళం?"
మైకు, "గంటకు తొంభై కిలోమీటర్ల" అంది.
గుంటలు పడీపడీ నవ్వేరు.
ఆవిడ నవ్వలేదు.
"కొబ్బరాకు ఊఁ కొడితేనే
గాలి కూడా మాటాడతాది.
నువ్వెవుడివిరా, ఊఁ అక్కర్నేనోడివి?"

మైకు కట్టేసేను.
అప్పుడు వినిపించింది సముద్రం.
బోర్డు మీద మెలికల గీత ఇదే కాబోలు.
"మూణ్ణాళ్ల బట్టి అది సెప్తంది, మేం ఇంటన్నాం.
నీ కబురు పాతదే బావూ.
నా మాటే కొత్తది" అంది కొర్లమ్మ.
నా దగ్గర జవాబు లేదు.
ఎడమ గడిలో నాకిచ్చినది ఒక్క కాయితమే.

ఇంతలో ఆఫీసు నుంచి ఫోను:
తొంభై కాదు, నూట పది.
అక్కడే నిలబడి మళ్లీ రికార్డు చెయ్యమన్నారు.
ఫోను నోటి దగ్గర పెట్టుకుని
చదివేను, ప్రజలకు, విజ్ఞప్తి, వలెను, అంతా.
ఆపే బొత్తాం నొక్కడంలో
వేలు కాస్త ఆలస్యమయింది.

తర్వాతి పేటలో గాని తెలీలేదు.
నా 'వలెను' అవగానే
నా ఆటో నెత్తి మీంచి కొర్లమ్మ అరుస్తోంది:
"తాళం ఎవుల కాడుందో సెప్పకుండా ఎలిపోతన్నాడు సూడు!"
నాలుగు సెకన్లు.
వల దులుపుతున్న ముసలాయన తల ఎత్తేడు.
"మాది సెక్రటరీ కాడ. ఆడు సిక్కోల్లో."
పక్కింటి అరుగు మీంచి ఇంకో గొంతు,
"మాకు తాళం ఎందుకు, తలుపుంటే కదా!"
ఎవరో మేకల సంగతి అడిగేరు.
ఎవరో నెలలు నిండిన కోడలి సంగతి.
కుడి గడికి నోళ్లు మొలిచేయి.
డీజిలు బిల్లు వెనక రాసుకుంటూ పోయేను,
చోటు చాలక అంచుల్లో కూడా.

రాత్రి సారు విన్నాడు, చెవి దగ్గర పెట్టుకుని.
మంచివాడే. మూడు రోజులుగా నిద్ర లేనివాడు.
"చివర్న ఏదో రొద పడింది,
ఆ నాలుగు సెకన్లూ తీసెయ్" అన్నాడు.
అలాగే సార్ అన్నాను.
తియ్యలేదు.

బిల్లు ఆయన టేబిలు మీద పెట్టి
ఎగిరిపోకుండా పైన స్టాంపు ప్యాడు పెట్టి
మళ్లీ బయల్దేరేను.
వాన మొదలయింది. చీకట్లో
ముందు నేనూ వెనక కొర్లమ్మా
ఒకే నోట అరుచుకుంటూ పోతున్నాం.

ఆ కాయితం తిరగేసి
ఎవరైనా ఊఁ అన్నారో లేదో
ఇంకా కబురు రాలేదు.