బెల్లం గోడ

కాజీపేట డీజిల్ కాలనీ దాటినంక
ఎన్నడో ఇంగ్లీషు గార్డు కట్టుకున్న ఇల్లు.
నా బ్యాంకు లోనుకు
ముందుగది ఒక్కటే బాగయితది.

పచ్చ డిస్టెంపర్ గీకితే నీలం,
నీలం గీకితే బొగ్గుమసి.
"సిమెంటు ముట్టనియ్యకు బిడ్డా,
గోడకు ఊపిరాడాలె" అన్నడు అంకూస్ తాత.
కరక్కాయ, బెల్లం నానబోసి
ఇరవై రోజులు సున్నం తొక్కించిండు.
ఓపిక పట్టలేక నేను
రెండుసార్లు పెయింట్ షాపు దాకా పోయొచ్చిన.

కిటికీ మీది కమానుకు
పాత ఎర్రద్దం ఎక్కడా దొరకలే.
పోచమ్మమైదాన్‌ల గులాబీ రంగుంటే
అదే పెట్టిన.

కొత్తవాడ జంపఖానా పరిచి
ఎవరన్నా చూడొస్తరని కూసుంటే
గోడెంబడి చీమలు,
సింగరేణి గూడ్సు లెక్క,
తెగకుండ.

"నీకన్నా ముందే
కాపురం పెట్టినై పో" అని
తాత తాపీ కడుక్కున్నడు.