ఆరో ఔటు

వెస్టెరోస్ నుంచి తెల్లవారుజాము రైల్లో
పదకొండు మంది, ఒక గోనెసంచి, నాలుగు బ్యాట్లు.
మోటార్ల ఫ్యాక్టరీలో అచ్చులు పోసే ఇవార్ సోడర్‌లిండ్
గోళ్ళ సందుల్లో ఇంకా నల్లటి ఇసుకే.
ఆట నేర్చుకుని రెండేళ్ళు,
అదీ పుస్తకం చూసి.
పుస్తకంలో బంతి ఎప్పుడూ
చుక్కల గీత మీదే నడిచేది.

స్టాక్‌హోమ్, పంతొమ్మిది వందల పన్నెండు, జూలై.
పరుగుకీ ఈతకీ కుస్తీకీ పతకాలున్నాయి.
దీనికి లేదు,
ఊరికే చూపించడానికట.
చిన్నప్పుడు మా చెల్లెల్ని దాగుడుమూతల్లో కలుపుకునేవాళ్ళం,
దొరికిపోయినా దొంగ కాదు, ఆటలో అరటిపండు.
ఆ పొద్దున బేస్‌బాల్ అలాగే
పెద్దపిల్లల చొక్కా అంచు పట్టుకుని
మైదానంలోకి వచ్చింది.

గ్యాలరీలో జనం పల్చగా.
ఒక ముసలామె పక్కాయన్ని అడిగింది:
"కొట్టినవాడు కర్ర పారేసి అలా పారిపోతాడేం?
ఏం తప్పు చేశాడు పాపం?"

అవతల అమెరికావాళ్ళు,
పరుగుపందాల్లో వాడగా మిగిలిన కాళ్ళతో వచ్చినవాళ్ళు.
వీళ్ళకి బంతి విసిరేవాడు సరిపోడని
తమవాణ్ణే ఒకణ్ణి అప్పిచ్చారు,
కొట్లాటకి వస్తూ ఎదుటివాడికి కత్తి అరువిచ్చినట్టు.
ఆ అరువు మనిషి తనవాళ్ళకి
మెత్తగా విసిరాడో, కసిగా విసిరాడో
కుడివైపు గడ్డిలో నిలబడ్డ ఇవార్‌కి
ఎప్పటికీ తెలియలేదు.

చివరి ఇన్నింగ్స్.
మూడో ఔటు పడింది.
ఇవార్ టోపీ సర్దుకుని నడవబోతే
అంపైర్ చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఎక్కడికి? మీకు ఆరు."

ఆరు!
జాలో, మర్యాదో,
వాళ్ళకి భోజనానికి ఇంకా టైముందో.
నాలుగు. ఐదు.
ఆరోవాడు ఇవారే.

బంతి తగిలింది, నిజంగా తగిలింది,
మోచేతుల దాకా జుమ్మంది.
పైకి లేచి, ఎండలో కాసేపు లేకుండా పోయి,
మళ్ళీ పుట్టి,
ఎవరి చేతిలోనో పడింది.
పదమూడు, మూడు.
పదమూడు ఎవరివని అడగక్కర్లేదు.

ఆ చలికాలం ఫ్యాక్టరీలో అచ్చులు పగిలాయి,
వరసగా మూడు.
మేస్త్రీ జీతంలో కోత రాస్తుంటే
ఇవార్ నెమ్మదిగా అన్నాడు:
"స్టాక్‌హోమ్‌లో ఆరిచ్చారు."

మేస్త్రీ కలం ఆగింది.
ఆగి, సిరాలో మునిగి లేచి,
కోత పూర్తి చేసింది.

కొలిమి వెలుగులో ఇవార్
అరచేతులు తిప్పి చూసుకున్నాడు,
ఆ జుమ్మనడం
ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని.