సున్నా నుంచి పదిదాకా

"చెవిలో మోత ఎంతుండాది ఈ వారం,
సున్నా నుంచి పదిదాకా?" అంటాది హేమలత మేడం.
తొమ్మిది, అంటా.
గడిలో రాసుకుంటాది.

పద్నాలుగేండ్లు బంగారుపాళెం గుజ్జు ఫ్యాక్టరీలో
బాయిలరు పక్కన నిలబడినా.
తోతాపురి సీజను అయిపోతే బాయిలరు ఆరిపోతాది.
నా ఎడమచెవిలోది ఆరలా.

చెవి డాక్టరు మిషను పెట్టి చూసి
"దీనికి మాత్ర లేదు. తిరుపతికి పో,
మాట్లాడే డాక్టరమ్మ ఉండాది" అనె.
పిచ్చోడనుకుంటారేమోనని
చంద్రగిరి దాకా బస్సులో ఎవురితోనూ పలకలా.

మేడం నా చెవి చూడనే లేదు.
"రాత్రి రెండుకి అది ఏమంటాది?" అని అడిగె.
"ఇంక నీకు నిద్ర లేదు మునిరత్నం,
నీ బతుకింతే, అంటాది."
"మోతకి మాటలు కూడా వచ్చునా?"
నవ్వొచ్చె. ఆ వెంటనే ఏడుపొచ్చె.
మోత దానిదే. మాటలు నావి.

నలభైయారేండ్లోడికి హోంవర్కు ఇచ్చె:
చెవిలో దూది తీసెయ్.
ఫ్యాను తిరగనీ.
రాత్రి వచ్చిన మాట నోటుబుక్కులో రాయ్,
పక్కనే, ఇది నిజమా అని రాయ్.
కొన్నిటి పక్కన నిజమే అని రాసినా.
మేడం కొట్టెయ్యలా.

ఈ పొద్దు మళ్లా అడిగె, సున్నా నుంచి పదిదాకా.
చెవి పెట్టి విన్నా.
అట్లే ఉండాది, ఉయ్యిమని.
"తొమ్మిదే మేడం.
కానీ మీరడిగేదాకా
బయట బెంచీ మీద ఒకాయన, నేను
టన్ను కాయల రేటు పడిపోయిందని
తిట్టుకుంటా ఉంటిమి..."

మేడం పెన్ను ఆగె.
ఆ గడిలో ఏం రాయాలో
ఇద్దరికీ తెలీలా.