తల నా చేతుల్లో ఉన్నంతసేపు

ముందే చెబుతున్నా, కదలకు.
ఆరు గంటల పని ఇది. సన్నజడలన్నావు,
నడుం దాకా అన్నావు.
నువ్వు కదిలితే పాపిడి వంకర పోతుంది,
వంకర పోతే ఈ మెదీనా పేటంతా
యాందే చేతికి వణుకొచ్చిందంటారు.
మాట్లాడొచ్చు. మాటకి డబ్బు తీసుకోను.
డకార్‌లో ధర పెరగనిది అభిప్రాయమొక్కటే,
వేరుశనగల పొట్లం కూడా చిక్కిపోయింది.

ఇదిగో, జెనాబా మొదలుపెట్టేసింది:
సీరియల్లో న్యాయం రెండో పెళ్లాం వైపేనట.
ఆ ఒక్క ముక్కకి బెంచీ మీద నలుగురూ రెండు పార్టీలైపోయారు.
ఫ్యాను మాత్రం అటోసారి ఇటోసారి తలాడిస్తూ
అందరిచేతా మంచిదనిపించుకుంటోంది, మా కౌన్సిలర్‌లాగా.
నన్నడిగితే, ఆ మొగుడి జీతం కోసెయ్యాలి.
నలభై ఎపిసోడ్లలో వాడు చేసిందల్లా
గొడవ మొదలవగానే చెప్పులేసుకోవడం.

ఎన్నికలప్పుడు నా చిటికెన వేలికి సిరా.
వారం రోజులు ఆ వేలితోనే అల్లాను
గెలిచినవాళ్ల తలలూ ఓడినవాళ్ల తలలూ.
ఎవరికేశావంటే, జుట్టుకి పార్టీ లేదన్నాను.
అబద్ధం. కోపంగా ఉన్న తల చేతికి తెలుస్తుంది,
మెడ బిగుసుకుని దువ్వెన దిగదు.
ఆ వారం మూడు దువ్వెనలు విరిగాయి,
రెండు గెలిచినవాళ్ల తలల్లోనే.

ఇక చంద్రుడు.
ఆ మూల తలకి నూనె పట్టించుకుని కూర్చుందే,
న్గోనె మేడమ్, బళ్లో భౌతికశాస్త్రం చెబుతుంది.
చంద్రుడు ఏడాదికి రెండు వేళ్ల వెడల్పు
మననుంచి దూరం జరుగుతున్నాడంటుంది,
అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి వెలుగు కొట్టి కొలిచారంటుంది.
అసలక్కడికి ఎవరూ పోలేదని జెనాబా.
రెండు వేళ్లు! జుట్టు మూడు నెలల్లో అంత పెరుగుతుంది.
నా మొదటి మొగుడు ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోయాడు,
ఏ అద్దమూ కొలవలేదు.
అయినా నెలవంక సగం మందికి కనబడి
సగం మందికి కనబడక పండగ రెండు రోజులొస్తుందే,
దాన్ని సైన్సు సరిచేస్తానంటే మాత్రం నేనొప్పుకోను.
రెండు పండగలంటే నాకు రెండు రాత్రుల గిరాకీ.

నువ్వేమిటి, నోరే విప్పవు?

అప్పుడు చెప్పావు, అద్దంలో నా వైపు చూడకుండా.
లియోన్‌లో పుట్టావని. సీసాలో ఉమ్మి పంపితే
కాగితం వచ్చిందని. నలభై ఒక్క శాతం ఇదట,
పంతొమ్మిది శాతం అదట, మిగతాది ఇంకా తేలలేదట.
అక్కడ, ఎక్కణ్ణుంచి వచ్చావంటారు.
ఇక్కడ దిగీదిగగానే, ఎప్పుడు వెళ్తావన్నారు.
బెంచీ ఊరుకుంది. సీరియల్ కూడా ప్రకటనల్లోకి తప్పుకుంది.

ఇంటిపేరు?
జత్తా.
దువ్వెన కింద పడేశాను.
జోలా పిల్లవా! మూడు గంటలుగా
నీతో మర్యాదగా మాట్లాడానా, నేను, సెరేర్ ఆడదాన్ని!
మా సజ్జల గాదె ఖాళీ చేసింది మీ తాతలే,
అన్నం కనబడితే మీకు దేవుడు కనబడడు,
లెక్కప్రకారం నువ్వు మా ఇంటి దాసివి,
బేరమాడే హక్కు లేదు.

బిత్తరపోయావు. న్గోనె మేడమ్ నవ్వాపుకుంటూ విడమరిచింది:
ఒకే పడవలో అక్కాచెల్లెళ్లు, అలలకి పడవ రెండు ముక్కలై
ఒకామె ఉత్తరానికీ ఒకామె దక్షిణానికీ కొట్టుకుపోయారట.
వాళ్ల పిల్లలం మనం.
తిట్టకపోతే తప్పు.
కాగితంలో లేదా అది? చూడు,
ఆ తేలని శాతంలో ఉంటుందేమో.

కదలొద్దన్నానా. నవ్వావు, పాపిడి జరిగింది.
ఎడమ చెవి వెనక మూడో జడ కాస్త వంకర.
విప్పి మళ్లీ అల్లలేదు నేను.

చీకటి పడ్డాక లేచావు, కొత్త బరువుకి తూలుతూ.
డబ్బిచ్చి, గడప దగ్గర ఆగి,
వచ్చీరాని వొలోఫ్‌లో నన్ను తిండిపోతన్నావు.
ఉచ్చారణ ఘోరం.
మాట మాత్రం నిజం,
పొద్దున్నుంచి అది నాకు మూడో గిన్నె.